బ్లూమింగ్టన్ నుంచి వచ్చే ఈగలు: మూలకణాల మీద పని చేసేవాళ్ల కోసం ఒక రివ్యూ

పండు ఈగల అండాశయంలో మూలకణాల మీద పని మొదలుపెట్టబోయే పిల్లలు నన్ను మొదట అడిగేది ఏ యాంటీబాడీ కొనాలి, సీక్వెన్సింగ్ ఎక్కడ చేయించాలి అని. ముందు ఈగల సంగతి చూసుకోండి అంటాను. సరైన ఈగ చేతిలో లేకపోతే ఆ తర్వాత పెట్టే ఖర్చంతా దండగే. ఆ సరైన ఈగ దొరికే చోటు అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ వాళ్ల బ్లూమింగ్టన్ డ్రోసోఫిలా స్టాక్ సెంటర్. సెంటర్ సర్వీసుకి నేను అయిదుకి అయిదు ఇస్తున్నాను. అక్కడ దొరికే ఆర్‌ఎన్‌ఏఐ లైన్లకి, అంటే ఎంచుకున్న ఒక జన్యువుని అణిచే ఈగలకి మాత్రం నాలుగు. ఆ ఒక్క మార్కు తగ్గడం సెంటర్ తప్పు కాదు, ఆ పద్ధతికే ఉన్న పరిమితి. దాని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే కొత్తవాళ్లు నెలలు పోగొట్టుకునేది అక్కడే.

నేను హైదరాబాద్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) చేశాను, ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌ని. రెండు చోట్ల నుంచీ ఇక్కడికే ఆర్డర్లు పెట్టాను. నా పని ఆడ ఈగ అండాశయంలోని మూలకణాలు తమ గుర్తింపును ఎలా నిలబెట్టుకుంటాయన్నది, అందులోనూ క్రోమాటిన్ మీద, అంటే డీఎన్‌ఏ, దాన్ని చుట్టి ఉంచే ప్రొటీన్లు కలిసిన పోగు మీద పడే గుర్తుల పాత్ర. కాబట్టి ఇది ఆ పనికి సంబంధించిన రివ్యూ. మెదడు మీదో, రెక్కల మీదో పని చేసేవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు.

ముందు సెంటర్ ఇచ్చేదేమిటో చెప్తాను. వీళ్లు పంపేది బతికున్న ఈగల్ని. డబ్బా విప్పితే వరసగా పేర్చిన వయల్స్ ఉంటాయి. అడుగున ఫుడ్, దాని మీద లార్వాలు తవ్వుకుంటూ పోయిన దారులు, గోడలకి అంటుకున్న గోధుమరంగు ప్యూపాలు, పైన మూత దగ్గర తిరుగుతున్న పెద్ద ఈగలు. లేబుల్ మీద స్టాక్ నంబరు, జీనోటైపు (దానిలోని జన్యువుల వివరం). ఆ నంబరుని వెబ్‌సైట్‌లో కొడితే ఆ స్టాక్ పేజీ వస్తుంది. ఏ క్రోమోజోముల్లో ఏముంది, ఎవరు దానం చేశారు, ఏ జన్యువుకు సంబంధించింది, ఈగ జన్యువుల డేటాబేస్ ఫ్లైబేస్‌లో ఎక్కడ చూడాలి అన్నీ అందులో ఉంటాయి. ఇలాంటి స్టాకులు 70 వేలకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ పాత వయల్ నుంచి కొత్త ఫుడ్ మీదకి మనుషులు చేత్తో మారుస్తూ బతికించుకొస్తున్నవే. మా ల్యాబ్‌లో కొన్ని వందల స్టాకుల్ని ఫ్లిప్ చేయడానికే చేతులు పడిపోతాయి. అన్ని వేల లైన్లను కలిసిపోకుండా, చచ్చిపోకుండా కాపాడటం అంటే ఏమిటో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. ఇదంతా లాభం కోసం చేస్తున్న వ్యాపారం కాదు, అమెరికా ప్రభుత్వ గ్రాంటు, వాడుకునేవాళ్లు కట్టే ఫీజు కలిపి నడుస్తోంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1910లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్‌కి ఎర్ర కళ్ల ఈగల మధ్య ఒక తెల్ల కళ్ల మగ ఈగ దొరికింది. ఆ వైట్ జన్యువుతో మొదలైన సేకరణ 1928లో ఆయన బృందంతో పాటు క్యాల్‌టెక్‌కి వెళ్లింది. క్యాల్‌టెక్ సేకరణ 1980ల్లో బ్లూమింగ్టన్‌కి చేరింది. అడిగినవాళ్లకు ఈగల్ని పంచిపెట్టడం మోర్గాన్ ల్యాబ్ రోజుల నుంచీ ఉన్న అలవాటే. ఎవరి దగ్గర ఏముందో అందరికీ తెలిసేలా డ్రోసోఫిలా ఇన్ఫర్మేషన్ సర్వీస్ అనే బులెటిన్‌ని 1934లోనే మొదలుపెట్టారు. నాకు ఈ రంగంలో బాగా నచ్చే విషయం ఇదే. ఎక్కడో ఒక ల్యాబ్ అయిదేళ్లు కష్టపడి తయారు చేసిన ఈగ, పేపర్ అచ్చయ్యాక, ఊరూ పేరూ తెలియని విద్యార్థి బల్ల మీదకి ఒక చిన్న ఫీజుతో వచ్చేస్తుంది.

డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువులు ఎలా పని చేస్తాయో, ఎలా ఆగుతాయో చూసే ఎపిజెనెటిక్స్ వాళ్లకు బ్లూమింగ్టన్‌తో ఇంకో బంధం కూడా ఉంది. హెర్మన్ ముల్లర్ 1930లో ఎక్స్‌రేలు తగిలిన ఈగల్లో మచ్చలు మచ్చలుగా ఉన్న కళ్లను వర్ణించాడు. కళ్లకు ఎర్ర రంగునిచ్చే వైట్ జన్యువు చెడిపోలేదు. క్రోమోజోము తిరగబడి ఆ జన్యువు బిగుతుగా ఉండే హెటిరోక్రోమాటిన్ పక్కకి జరిగింది. కొన్ని కణాల్లో అది పలికింది, అంటే పని చేసింది, కొన్నింట్లో నోరు మూసుకుంది. డీఎన్‌ఏ అక్షరం మారకుండానే జన్యువు ఆగిపోవచ్చని కంటికి చూపించిన ఈగ అది. ముల్లర్ 1945 నుంచి పనిచేసింది ఈ బ్లూమింగ్టన్‌లోనే, 1946లో నోబెల్ వచ్చింది కూడా ఇక్కడుండగానే. అలాంటి మచ్చల కళ్ల ఈగలు ఈరోజుకీ ఇక్కడ ఆర్డర్ చేసుకోవచ్చు. ఈ మచ్చల్ని తగ్గించే మ్యుటేషన్లు వెతుకుతూ పోతేనే హెచ్‌పీ1 లాంటి ప్రొటీన్లు జన్యువుల్ని ఆపుతాయని బయటపడింది. విద్యార్థులకు క్రోమాటిన్ పాఠం చెప్పేవాళ్లు ఆ స్టాక్ ఒకటి తెప్పించి మైక్రోస్కోపు కింద పెట్టండి. స్లైడులు చూపించి గంట చెప్పిన దానికన్నా పిల్లలకు బాగా ఎక్కుతుంది.

ఇక నా పని సంగతి. ఆడ ఈగ ఒక్కో అండాశయంలో 16 నుంచి 20 దాకా ఓవరియోల్స్, అంటే గుడ్లు వరసగా తయారయ్యే గొట్టాలు ఉంటాయి. ఒక్కో ఓవరియోల్ కొసన ఉండే జెర్మేరియంలో, క్యాప్ కణాలను ఆనుకుని రెండో మూడో మూలకణాలు కూర్చుంటాయి. మూలకణం చీలినప్పుడు ఒక పిల్ల క్యాప్ కణాల పక్కనే ఉండిపోయి మళ్లీ మూలకణం అవుతుంది, రెండోది పక్కకి జరిగి గుడ్డు వైపు ప్రయాణం మొదలుపెడుతుంది. ఇంట్లో రోజూ పెరుగు వాడుకుంటూనే రేపటి తోడుకి కాస్త పక్కన ఉంచుకుంటాం కదా, ఆ తోడు లాంటిదన్నమాట ఈ మూలకణం. క్యాప్ కణాల నుంచి వచ్చే డీపీపీ సంకేతం మూలకణంలో బామ్ అనే జన్యువుని ఆపి ఉంచుతుంది. ఒక కణం వెడల్పు దూరం జరిగేసరికి ఆ సంకేతం పడిపోతుంది, బామ్ పలుకుతుంది, ఆ కణం నాలుగుసార్లు చీలి 16 కణాల గుంపు అవుతుంది. అందులో ఒకటి గుడ్డు, మిగతా 15 దాన్ని పోషించే కణాలు.

సంకేతం ఒక్కటే చాలదు, ఆ సంకేతానికి స్పందించే స్థితిలో క్రోమాటిన్ ఉండాలి. ఈగల్లో మనలాగా డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు దాదాపుగా ఉండవు. ఆ ఎంజైముల కుటుంబంలో ఈగకు ఉన్నది డీఎన్‌ఎంటీ2 ఒక్కటే. అందుకని బరువంతా డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీదే పడుతుంది. 2005లో రోంగ్‌వెన్ షీ, టింగ్ షీ చూపించింది క్రోమాటిన్‌ని జరిపే ఐఎస్‌డబ్ల్యూఐ అనే ప్రొటీన్ లేకపోతే అండాశయ మూలకణాలు నిలవవని. 2009లో అలన్ స్ప్రాడ్‌లింగ్ బృందం స్క్రానీ అనే ఎంజైము గురించి చెప్పింది. అది హిస్టోన్ హెచ్2బీ మీది యుబిక్విటిన్ అనే గుర్తుని తీసేస్తుంది, అది లేకపోయినా మూలకణాలు పోతాయి. మగ ఈగ విషయంలో 2012లో షిన్ చెన్ ల్యాబ్ నుంచి వచ్చిన పేపర్ ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరించే పేపర్. వృషణంలో మూలకణం చీలేటప్పుడు పాత హిస్టోన్ హెచ్3 మూలకణంలోనే ఉండిపోతుంది, కొత్తగా తయారైనది బయటికి వెళ్లే పిల్లకు పోతుంది. ఆస్తి పంపకం అంత ఏకపక్షంగా జరుగుతుందని అంతకుముందు ఎవరూ చూపించలేదు.

నేను ఎక్కువ కాలం గడిపింది ఎగ్‌లెస్ జన్యువుతో. దాని నుంచి తయారయ్యే ఎంజైము సెట్‌డీబీ1. హిస్టోన్ హెచ్3లో తొమ్మిదో స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం మీద మూడు మిథైళ్లు పెట్టడం దాని పని. ఆ గుర్తు ఉన్నచోట హెచ్‌పీ1 వచ్చి కూర్చుంటుంది, జన్యువు ఆగిపోతుంది. క్లీవ్‌ల్యాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో హెలెన్ సాల్జ్ బృందం 2018లో చూపించిన విషయం ఏమిటంటే, ఆడ ఈగ బీజకణాల్లో, అంటే గుడ్డుకి దారితీసే కణాల్లో ఈ గుర్తు పోతే మగ బీజకణాల్లో మాత్రమే పలకాల్సిన జన్యువులు పలకడం మొదలుపెడతాయి. వాటిలో ముఖ్యమైనది పీహెచ్ఎఫ్7. అప్పుడు కణం గుడ్డు వైపు వెళ్లదు, చీలుతూనే పోతుంది, అండాశయం కణితితో నిండిపోతుంది. అంటే నేను ఆడదాన్నన్న సంగతిని ఆ కణం క్రోమాటిన్ గుర్తుల్లో దాచుకుని నిలబెట్టుకుంటోందన్నమాట.

మా పిన్ని ఒకసారి ఫోన్‌లో అడిగింది, ఈగ గుడ్ల సంగతి తెలుసుకుంటే మనకేం వస్తుందే అని. న్యాయమైన ప్రశ్నే. సెట్‌డీబీ1 మనలోనూ ఉంది. ఈగ మూలకణాల్లో దొరికిన పివి ప్రొటీన్‌కి ఎలుకల్లో ఉన్న చుట్టాలు చెడిపోతే మగ ఎలుకలకు వీర్యకణాలు తయారు కావు. పిల్లలు కలగడం లేదని ఆసుపత్రుల చుట్టూ తిరిగే జంటల బాధ వెనక ఏ ప్రొటీన్లు ఉండొచ్చో వెతకడానికి దారి ఇలాంటి చోట్ల నుంచే దొరికింది. పిన్నికి అదే చెప్పాను.

ఈ ప్రయోగం చేయాలంటే బ్లూమింగ్టన్ నుంచి కావలసినవి రెండు రకాల ఈగలు. ఒకటి డ్రైవర్, అంటే ఈస్ట్ నుంచి తెచ్చిన గాల్4 ప్రొటీన్‌ని బీజకణాల్లో మాత్రమే తయారు చేసే ఈగ. రెండోది ఆర్‌ఎన్‌ఏఐ లైన్, అంటే గాల్4 తగలగానే మనం ఎంచుకున్న జన్యువుని అణిచే ఆర్‌ఎన్‌ఏ ముక్కని తయారు చేసే ఈగ. రెండింటినీ క్రాస్ చేస్తే పిల్లల్లో బీజకణాల్లో మాత్రమే ఆ జన్యువు అణిగిపోతుంది, ఒంట్లో మిగతా చోట్ల మామూలుగా ఉంటుంది. ఎగ్‌లెస్ లాంటి జన్యువులకు ఇది పెద్ద వరం.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు గురించి. ఆర్‌ఎన్‌ఏఐ లైన్లన్నీ ఒకటి కావు. బ్లూమింగ్టన్‌లో ఉన్నవి ఎక్కువగా హార్వర్డ్ మెడికల్ స్కూల్లో నార్బర్ట్ పెర్రిమాన్ బృందం చేసిన ట్రిప్ లైన్లు. పేజీలో లైన్ పేరు చూడండి. జేఎఫ్ అని మొదలైతే అది పాత తరం, పొడవాటి ఆర్‌ఎన్‌ఏని చేసే రకం. ఒంటి కణాల్లో, అంటే బీజకణాలు కాని మిగతా కణాల్లో బాగానే పని చేస్తుంది కానీ, ఆడ బీజకణాల్లో ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే డైసర్2 ఎంజైము తోడు లేకుండా దాన్ని నమ్ముకోవద్దు. హెచ్ఎంఎస్ అని మొదలైతే అది వాలియం20 అనే వెక్టర్‌లో (జన్యువుని ఈగలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏలో) ఉన్న పొట్టి హెయిర్‌పిన్ (మడత పడే ఆర్‌ఎన్‌ఏ), బీజకణాల్లో కూడా పని చేసేలా తయారు చేసింది. ఆ తరం గురించి వాళ్లు పేపర్ వేసింది 2011లో. మా ల్యాబ్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఒక క్రోమాటిన్ జన్యువు జేఎఫ్ లైన్‌ని బీజకణాల్లో పలికే నానోస్ డ్రైవర్‌తో క్రాస్ చేస్తే అండాశయాలు నిక్షేపంగా వచ్చాయి. అదే జన్యువుకి హెచ్ఎంఎస్ లైన్ తెప్పించి పెడితే జెర్మేరియాలు ఖాళీ అయిపోయాయి. మొదటి ఫలితంతో ఆగిపోయి ఉంటే ఆ జన్యువుకి మూలకణాల్లో పనేమీ లేదని రాసుకునేవాళ్లం.

ఆడ బీజకణాల్లో ట్రాన్స్‌జీన్లు, అంటే మనం బయటి నుంచి పెట్టిన జన్యువులు, ఎందుకింత పేచీ పెడతాయన్నది కూడా ఎపిజెనెటిక్స్ కథే. గాల్4 వచ్చి అంటుకునే యూఏఎస్ అనే డీఎన్‌ఏ ముక్క ఉన్న, మామూలుగా వాడే యూఏఎస్‌టీ వెక్టర్ అండాశయ బీజకణాల్లో సరిగా పలకదని చాలా ఏళ్లుగా అందరికీ తెలుసు. అందుకే 1998లో పెర్నిల్ రోర్థ్ యూఏఎస్‌పీ అనే వేరే వెక్టర్ చేసింది. అసలు కారణం మాత్రం 2018లో డెలూకా, స్ప్రాడ్‌లింగ్ చెప్పారు. ఆ వెక్టర్‌లో ఉన్న హెచ్ఎస్‌పీ70 జన్యువు ముక్కల్ని ఆడ బీజకణాల్లోని పైఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు పట్టుకుని అణిచేస్తున్నాయి. డీఎన్‌ఏలో చోటు మారుతూ తిరిగే ట్రాన్స్‌పోజాన్ల నుంచి గుడ్డుని కాపాడే కాపలా వ్యవస్థ మన ట్రాన్స్‌జీన్‌ని కూడా వదలడం లేదన్నమాట. మనం పరిశోధించే యంత్రాంగమే మన పనిముట్టు మీద పని చేస్తుందని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. అందుకే ఆర్డర్ పెట్టే ముందు పేజీలో వెక్టర్ ఏమిటో చూడమని మా జూనియర్లకి పదే పదే చెప్తాను.

జన్యువు ఎంత మేర అణుగుతుందన్నది లైన్ లైన్‌కీ మారుతుంది. హార్వర్డ్ వాళ్ల ఆర్ఎస్‌వీపీ అనే డేటాబేస్‌లో చాలా లైన్లకు ఆ వివరాలు, ఫినోటైపులు (పైకి కనిపించే మార్పులు) దొరుకుతాయి, ముందు అక్కడ చూడండి. ఒకే జన్యువులో వేరే వేరే చోట్ల తగిలే రెండు లైన్లు తెప్పించుకోండి. రెండింటిలో ఒకే ఫలితం వస్తేనే నమ్మండి. కంట్రోల్‌గా ఈగలో లేని ఎంచెర్రీ జన్యువుకి తగిలే వాలియం20 లైన్, నంబరు 35785 వాడండి. ఏమీ క్రాస్ చేయని ఈగల్ని కంట్రోల్‌గా చూపిస్తే రివ్యూయర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ట్రిప్ లైన్లలో ట్రాన్స్‌జీన్ రెండో క్రోమోజోములో అయితే అట్‌పీ40 అనే చోట, మూడో దాంట్లో అయితే అట్‌పీ2 అనే చోట ఉంటుంది. అట్‌పీ40 అనేది ఎంఎస్‌పీ300 అనే జన్యువులో పడింది, రెండు కాపీలూ ఉంటే కండరాల్లో తేడాలు వస్తాయని చూపించారు. మన క్రాసుల్లో మామూలుగా ఒకే కాపీ ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. అయినా కంట్రోల్ కూడా అదే చోటుది పెట్టుకుంటే మనసుకి నిశ్చింత.

డ్రైవర్లలో 4937 అనే నానోస్ గాల్4 వీపీ16 మూలకణాల పనికి నా మొదటి ఎంపిక. జెర్మేరియం కొసలో బలంగా పలుకుతుంది. వేడిని బట్టి దాని బలం మారుతుంది. 18 డిగ్రీల దగ్గర నెమ్మదిగా, 29 దగ్గర గట్టిగా. ఒకే క్రాస్‌ని రెండు ఇన్‌క్యుబేటర్లలో పెట్టి తక్కువ, ఎక్కువ ప్రభావాలు రెండూ చూడొచ్చు. పిల్ల దశ నుంచే జన్యువు అణిగితే అసలు బీజకణాలే మిగలకపోవచ్చు. అలాంటప్పుడు చల్లటి చోట పెంచి పెద్దయ్యాక 29కి మార్చడం మంచిది.

క్రాస్ చేయడానికి వర్జిన్ ఆడ ఈగలు, అంటే ఇంకా మగ ఈగతో కలవనివి కావాలి. 25 డిగ్రీల దగ్గర పుట్టిన ఎనిమిది గంటల్లోపు ఏరుకోవాలి. పాలిపోయిన ఒళ్లు, పొట్టలోంచి కనిపించే ముదురు ఆకుపచ్చ మచ్చ చూసి గుర్తుపడతాం. పది రోజులకి పిల్లలొస్తాయి. పిల్లల్లో సరైన ఆడవాటిని ఏరి, తడి ఈస్ట్ ముద్ద పెట్టి రెండు రోజులు మేపాక అండాశయాలు తీస్తాం.

ఎగ్‌లెస్ అణిచిన ఈగల్లో తేడా కాన్ఫోకల్ మైక్రోస్కోపు దాకా వెళ్లకముందే తెలిసిపోతుంది. కంట్రోల్ ఈగ పొట్టని సన్నటి ఫోర్సెప్స్‌తో విప్పగానే తెల్లటి గుడ్లతో నిండిన అండాశయాలు బయటికి ఉబికొస్తాయి. ఎగ్‌లెస్ అణిచిన ఈగలో వెతుక్కోవాలి. గాజులా పారదర్శకంగా చిన్న ముక్క, అందులో ఒక్క గుడ్డూ ఉండదు. తర్వాత ఫిక్స్ చేసి 1బీ1, వాసా యాంటీబాడీలతో స్టెయిన్ చేస్తాం. 1బీ1 అయోవా యూనివర్సిటీ హైబ్రిడోమా బ్యాంకులో దొరుకుతుంది, అది కూడా ఇలాంటి మంచి సంస్థే. కంట్రోల్ జెర్మేరియంలో క్యాప్ కణాల పక్కన రెండు మూడు గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి, అవి మూలకణాల్లోని స్పెక్ట్రోసోములు. కాస్త కిందకి దిగితే ఆ చుక్క సాగి, కొమ్మలు వేసి, 16 కణాల్ని కలిపే ఫ్యూసోమ్ అవుతుంది. ఎగ్‌లెస్ లేని జెర్మేరియంలో కొమ్మలే లేవు. కొస నుంచి చివరిదాకా గుండ్రటి చుక్కలే, ప్రతి చుక్క చుట్టూ వాసా వెలిగే బీజకణం. ఎదగాల్సిన కణాలన్నీ ఎదగకుండా పోగుపడిపోయి ఉంటాయి. ఆ మొదటి ఫోటో మానిటర్ మీద తెరుచుకున్నప్పుడు గదిలో ఉన్నవాళ్లందర్నీ పిలిచాను.

అదే స్లైడుల్లో తొమ్మిదో లైసిన్ మూడు మిథైళ్ల గుర్తుకు కూడా స్టెయిన్ చేసి చూసుకోండి. బీజకణాల్లో ఆ గుర్తు తగ్గిపోయి, పక్కనే ఉన్న ఒంటి కణాల్లో మామూలుగా ఉంటే లైన్ పని చేసినట్టే. ఒకే ఫీల్డ్‌లో లోపలి కంట్రోల్ దొరుకుతుంది, ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఒకే ఈగలో రెండు జన్యువులు అణచాలనుకునేవాళ్లకి ఒక మాట. ఉన్న గాల్4ని రెండు యూఏఎస్‌లూ పంచుకుంటాయి. ఒక్కో జన్యువు అణిగే మోతాదు తగ్గొచ్చు. కాబట్టి ఒక్క జన్యువు అణిచిన ఈగలో కూడా రెండో యూఏఎస్ ఏదో ఒకటి కంట్రోల్‌గా ఉండాలి. ఇది వదిలేస్తే రెండో జన్యువు అణగడం వల్లే కణితి తగ్గిందా, లేక గాల్4 పలచబడిందా అన్నది తేలదు.

వియన్నాలోని ఇంకో ఈగల స్టాక్ సెంటర్ వీడీఆర్‌సీతో పోల్చమని చాలామంది అడుగుతారు. అక్కడి జీడీ, కేకే సేకరణలు పొడవాటి హెయిర్‌పిన్ లైన్లు, ఒంటి కణాల్లో పని చేసేవాళ్లకి చాలా విలువైనవి. కేకే లైన్లలో కొన్నింటికి 40డీ అనే చోట అదనంగా ట్రాన్స్‌జీన్ పడి సంబంధం లేని ఫినోటైపులు ఇస్తుందని తేలింది, పీసీఆర్ చేసి చూసుకోవాలి. అండాశయ మూలకణాలకు నా ఓటు పొట్టి హెయిర్‌పిన్‌లకే.

ఈగలు ఎక్కడి నుంచి వచ్చినా సరే, నేరుగా మీ స్టాకుల పక్కన పెట్టకండి. వేరే గదిలోనో, వేరే ట్రేలోనో రెండు తరాలు ఉంచి పురుగులు లేవని చూసుకున్నాకే లోపలికి తీసుకోండి. మైట్లు ఒకసారి చేరితే గది మొత్తాన్ని శుభ్రం చేసేదాకా వదలవు.

ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్లకి. సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి, దిగుమతి కాగితాలు చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టండి. ఎండాకాలం వద్దు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మా డబ్బా ఒకటి మే నెలలో ఒక కొరియర్ సంస్థ గోడౌన్‌లో ఉండిపోయింది. వచ్చేసరికి పెద్ద ఈగలన్నీ చచ్చిపోయి ఫుడ్‌కి అంటుకుపోయి ఉన్నాయి. ప్యూపాల్లోంచి కొన్ని ఈగలు బయటికొచ్చాయి కానీ వాటికి పిల్లలు లేవు. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎదిగిన మగ ఈగలకు వీర్యం సరిగా తయారు కాదు. వాటిని పారేయకుండా చల్లటి ఇన్‌క్యుబేటర్‌లో కొన్నాళ్లు ఉంచి, మా ల్యాబ్ వర్జిన్లతో మళ్లీ పెడితే కొన్ని లైన్లు దక్కాయి. మీకూ అలా జరిగితే తొందరపడి ఆటోక్లేవ్‌లో వేయకండి. అసలు అమెరికా దాకా వెళ్లే ముందు బెంగళూరులో సీ-క్యాంప్ ఫ్లై ఫెసిలిటీ దగ్గర ఆ స్టాక్ ఉందేమో కనుక్కోండి. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో ఈగలతో పని చేసే ల్యాబులున్నాయి, మెయిల్ పెట్టి అడిగితే చాలామంది ఒక వయల్ ఇస్తారు.

పేపర్ రాసేటప్పుడు ప్రతి ఈగకీ స్టాక్ నంబరు రాయండి, సెంటర్‌కి వచ్చే గ్రాంటు పేరుతో కృతజ్ఞతలు చెప్పండి. వాళ్లకి మళ్లీ నిధులు రావడానికి అది సాక్ష్యం. చదివినవాడు అదే ఈగని తెప్పించుకుని మీ ఫలితాన్ని సరిచూసుకోవడానికీ అదే దారి.

మొదటి ఆర్డర్‌కి నేనైతే 4937, 35785, మీ జన్యువుకి రెండు హెచ్ఎంఎస్ లైన్లు పెడతాను. ఫలితం ఎలా ఉండాలో ముందే తెలిసిన ఎగ్‌లెస్ లైన్ ఒకటి కూడా కలుపుతాను. నానోస్ డ్రైవర్ జెర్మేరియం మధ్య భాగంలో కాస్త మెతకబడుతుంది, అక్కడ ఏం జరుగుతోందో చూడాలనుకుంటే మూడు డ్రైవర్లు కలిపి ఉన్న 31777 తీసుకోండి. జన్యువు అణచగానే మూలకణాలు పోయి ఇంకేమీ కనిపించకపోతే, జెర్మేరియం దాటాక పలికే మెటర్నల్ ట్యూబులిన్ గాల్4 వాడండి. అప్పుడు గుడ్డు ఎదిగే దశలో ఆ జన్యువుకున్న పని విడిగా చూడొచ్చు.